కంచె చేను మేయరాదు

(నగరమందలి యొక పఠనమందిరమున నిచ్చిన యుపన్యాసము)



ఈ సాయంకాలము మీ యెదుట మాటాడుటకు మమ్ము పిలిచిన పఠనమందిరమువారు “నగరాభివృద్ధి - పౌరుల యభిప్రాయము” అను విషయమును మాకు నిర్ణయించిరి. విషయము పెద్దది, మా శక్తి చిన్నది. కావున నగరములన్నిటిని గుఱించి కాక, హైదరాబాదులో కంచ గచ్చిబౌలి యనుచోట నున్న 400 ఎకరముల భూమిని గుఱించి మాత్రమే విన్నవింప దలచినాము. ఆ కథ తెలిసికొన్నచో, రేపు మీ వీధి చివర మైదానమునకో, చెఱువుగట్టునకో, మూతపడిన మిల్లు ఆవరణమునకో యిదే గతి పట్టినపుడు ఏమి చేయవలయునో మీకే తోచును.

ఆ భూమిలో మేడలు లేవవలెనా, చెట్లు నిలువవలెనా యని తీర్పు చెప్పుటకు మేము రాలేదు. ఆ తీర్పునకు ముందు తేలవలసిన ప్రశ్న యొకటి కలదు. ఎవరిని అడిగి? ఈ రెండు మాటలే మా యుపన్యాసమునకు మొదలును తుదియును.

“కంచ” యను మాట తెలంగాణమున పల్లెవారి కందఱికిని తెలిసినదే. పశువుల మేతకై విడిచిన గడ్డినేలను కంచ యందురు. నాగలి దిగని రాతినేల, నడుమ నడుమ తుప్పలు, వానకాలమున నీరు నిలుచు పల్లములు, ఇది కంచ స్వరూపము. అందు పంట లేదు గనుక శిస్తు లేదు. శిస్తు లేదు గనుక దస్తరములో దానికి గౌరవమును లేదు. అట్టి నేలకు నగరము దగ్గఱకు వచ్చి చేరినంతనే ఎకరమునకు కోట్ల వెల పలికినది. నేల మాఱలేదు, దానిని చూచు కన్ను మాఱినది.

ఆ ప్రాంతమున హైదరాబాదు విశ్వవిద్యాలయము కలదు. 1969లో తెలంగాణ ఉద్యమమును, 1972-73లో జై ఆంధ్ర ఉద్యమమును జరిగిన పిమ్మట, ఆఱు సూత్రముల పథకము ననుసరించి 1974లో పార్లమెంటు చట్టముచే ఆ విద్యాలయము వెలసినది. మొదట నది అబిడ్సులో సరోజినీనాయుడుగారి గృహమైన గోల్డెన్ థ్రెషోల్డున నడచినది. పిమ్మట నాడు ఊరికి దూరముగ నుండిన గచ్చిబౌలిలో సుమారు 2,300 ఎకరములు దానికి చూపబడినవి. అయితే భూమిని చూపుట వేఱు, హక్కును వ్రాసియిచ్చుట వేఱు. ఈ భేదముననే తరువాతి కలహమంతయు పుట్టినది.

ఆ నేలపై నేమున్నదో చూచినవారు చెప్పుదురు. దక్కను పీఠభూమికి ఆభరణములైన గ్రానైటు శిలలు ఒకదానిపై నొకటి పేర్చినట్లు నిలిచియున్నవి. వాని వయస్సు రెండువందల కోట్ల సంవత్సరములకు పైబడినది. పుట్టగొడుగు రాయి యని విద్యార్థులు పిలుచు శిల యొకటి కలదు. బఫెలో లేక్, పీకాక్ లేక్ అను పేళ్లతో వ్యవహరింపబడు చిన్న చెఱువులు కలవు. చుక్కల దుప్పులు, నెమళ్లు, నక్షత్ర తాబేళ్లు అచట తిరుగుచుండును. ఇది మహారణ్యము కాదు. ఆకాశము నంటు వృక్షములు లేవు. కాని అడవి యనగా ఎత్తైన చెట్లే యని యెవరు చెప్పిరి? దీనిని గుఱించి న్యాయస్థానము చెప్పిన మాటను ముందు విన్నవింతుము.

ఇక హక్కుల కథ వినుడు. 2003 ఆగస్టులో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఐ.ఎం.జి. భారత యను సంస్థతో క్రీడాశిక్షణాలయములకై యొప్పందము చేసికొని, 2004 ఆరంభమున ఈ 400 ఎకరములను దానికి కట్టబెట్టినది. 2006లో తరువాతి ప్రభుత్వము దానిని రద్దు చేసినది. సంస్థ న్యాయస్థానము నాశ్రయించినది. వ్యాజ్యము పదునెనిమిదేండ్లు సాగినది. 2024 మార్చి 7న తెలంగాణ హైకోర్టు ప్రభుత్వపక్షమున తీర్పు చెప్పినది. 2024 మే 3న సుప్రీంకోర్టు ఆ సంస్థ మొఱను త్రోసివేసినది.

ఆ వార్త చదివిననాడు మేమును సంతోషించితిమని దాపఱికము లేక చెప్పుచున్నాము. సర్కారు భూమి ప్రైవేటు చేతులనుండి మరల సర్కారునకు వచ్చినది, ప్రజల సొమ్ము ప్రజలకు చేరినది, అని మిత్రులతో చెప్పుకొంటిమి. మేము వకీళ్లము. కాగితమును చదువుట మా వృత్తి. ఆ కాగితము క్రింద నున్న నేలను మాత్రము ఆనాడు తలంచినవారము కాము. ఆ భూమి తరువాత నేమగునని మేము ప్రశ్నింపలేదు. ఆ ప్రశ్న అడుగుటకు 2024 మే మాసమే సరియైన కాలము. అది మా పొరపాటు.

ఆ యేటనే భూమి తెలంగాణ పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ చేతికి వచ్చినది. సమాచార సాంకేతిక పరిశ్రమలకై దానిని అభివృద్ధి చేయుటకు సంకల్పించిరి. 2025 మార్చి 30 విశ్వావసు నామ సంవత్సర ఉగాది. మఱునాడు రంజాను పండుగ. ఇంటింట పచ్చడి కలుపుకొని, పంచాంగము విను ఆ దినమున కంచలో యంత్రములు దిగినవి. అడ్డగింప వచ్చిన విద్యార్థులను పోలీసులు పట్టుకొనిపోయిరి. రాత్రియు పగలును పని సాగినది. దీపముల వెలుతురులో చెట్లు కూలుచుండగా నెమళ్లు అఱచుట దేశమంతయు విన్నది.

ఏప్రిల్ 2న హైకోర్టు పనిని తాత్కాలికముగ ఆపినది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తాను విచారణకు గైకొని, తన యుత్తరువు వచ్చువఱకు ఒక్క చెట్టును కూల్చరాదని శాసించినది. అప్పటికే సుమారు 100 ఎకరములలోని పచ్చదనము పోయినది. ఆ నష్టమును పూరించు విధమును తెలుపుమని ఏప్రిల్ 16న రాష్ట్రప్రభుత్వమును కోర్టు గట్టిగ నడిగినది. 2025 ఆగస్టు 13న, అభివృద్ధికి తాము వ్యతిరేకులము కామనియు, పర్యావరణముతో పొందుపఱచిన మంచి పథకముతో రమ్మనియు చెప్పి ఆఱు వారముల గడువిచ్చినది. పదునెనిమిదేండ్లు ఓర్చినవారు పండుగ వెళ్లువఱకు ఓర్వలేక పోయిరి. తత్ఫలితముగ పని మాసముల తరబడి స్తంభించినది. తొందర యెంత యాలస్యము చేయునో దీనివలన నెఱుగనగును.

ఈ గొడవ తరువాత మేమును, కొందఱు స్వచ్ఛంద సేవకులును ఆ చుట్టుప్రక్కల కాలనీలలోను, పాతపల్లె గల్లీలలోను తిరిగి, మీరేమందురని జనులను అడిగితిమి. లెక్కలు కట్టుటకు మేము పోలేదు, వినుటకు పోతిమి. అందఱును ఒక్క మాటయే చెప్పుదురని మనస్సులో ననుకొనియే పోతిమి. అట్లు జరుగలేదు.

ఉద్యోగ విరమణము చేసి, ఉన్న సొమ్మంతయు పెట్టి ఫ్లాటు కొనుకొన్న పెద్దమనిషి యొకరు తమ బాల్కనీలోనికి మమ్ము తీసికొనిపోయి పచ్చని దిక్కును చూపిరి. “ఈ గాలి కొఱకే యిక్కడ కొంటిమండీ. రోడ్డు ఇప్పుడే కదలుట లేదు. ఇంక నన్ని కార్యాలయములు వచ్చిన అంబులెన్సు ఎట్లు పోవును?” అనిరి. వారి మాటలో న్యాయము కలదు. కాని వారి మేడ నిలిచిన నేలయు ఇరువది యేండ్లకు ముందు ఇట్టి రాతినేలయే యని వారికిని తెలియును, మాకును తెలియును.

పాలమూరు జిల్లానుండి వచ్చి ఒక సాఫ్టువేరు కంపెనీలో పనిచేయు యువకు డొకడు తల వంచుకొని యిట్లనెను. “సార్, నేను కూర్చుండి పనిచేయు భవనము కొఱకును ఇట్టి బండలనే పేల్చినారు. మా తమ్ముడు చదువు ముగించి పని వెదకుచున్నాడు. చెట్లు కొట్టవద్దు అనుటకు నాకు నోరు రాదు. కొట్టుడు అనుటకును రాదు.” ఇంతకంటె సత్యమైన మాటను మేము ఆ దినములలో వినలేదు. ఆ భూమివలన 5 లక్షల ఉద్యోగములు కలుగునని ప్రభుత్వపక్షము చెప్పినది. ఆ లెక్క యెట్లు వచ్చినదని అడుగవచ్చును గాని, ఉద్యోగము కోరువాని ఆకలిని ఎగతాళి చేయరాదు.

త్రోవప్రక్క చాయ్ అమ్ము ఒక యమ్మ, భవనములు వచ్చిన బేరము పెరుగునని సంతోషించినది. మరుక్షణమే, ఎండకాలము ట్యాంకరు నీళ్లకు ఎంత పోయుచున్నదో చెప్పి, “ఇంత మంది వచ్చినంక నీళ్లెక్కడికెళ్లి తెస్తరు?” అని మమ్మే యడిగినది. మా యొద్ద ఉత్తరము లేదు.

విద్యార్థిని యొకతె, తాను రోజు నడచు త్రోవలో యంత్రము నడచిన గుర్తులను చూపి కంట నీరు పెట్టుకొన్నది. “మాకు హక్కు పత్రములు తెలియవు; ఇక్కడ తాబేలు ఏ పొద క్రింద నుండునో తెలియును,” అని యామె యన్న మాట మేము మఱువలేము. ఆమె చెప్పినదియు ఒక విధమైన దస్తావేజే. దానిని నమోదు చేయు కచేరి మాత్రము మన రాజ్యమున లేదు.

తుదకు పాతపల్లెలో ఒక వృద్ధుని చూచితిమి. చిన్ననాడు ఆ కంచలో గొఱ్ఱెలను మేపినవాడు. మేము వచ్చిన పని చెప్పగా ఆయన నవ్వి, “వకీలు సాబ్, గోడ గట్టిననాడు మమ్ముల నెవరడిగిన్రు? ఇయ్యాల చెట్లు గొట్టినంక మీరు అడుగవస్తిరి,” అనెను. మేము నిరుత్తరులమైతిమి. విశ్వవిద్యాలయము మంచిదే, చదువు మంచిదే. ఐనను ఆ మంచి పని జరిగిననాడును ఆ గొఱ్ఱెలకాపరిని ఎవరును అడుగలేదు. పిలిచి అడుగకుండుట ఈ ప్రభుత్వముతో పుట్టిన దుర్గుణము కాదు. ప్రభుత్వములు మాఱినను, పార్టీలు మాఱినను మాఱని అలవాటది. కనుక నేమొక పక్షమునో నిందించుటకు ఈ వేదికను వాడుకొనము.

ఇన్ని నోళ్లు ఇన్ని విధములుగ పలికినప్పుడు, ప్రజల యభిప్రాయమన నేమి? జనులు ఏకము కారు గనుక వారి నడుగుటయే వృథా యని కొందఱు పెద్దలు వాదింతురు. మేము విన్న మాటలను మరల మరల తలపోయగా, మాకు దీనికి విరుద్ధముగ తోచినది. కోరికలలో వారు భిన్నులే. కాని మూడు విషయములలో నందఱును ఏకాభిప్రాయులు. తమ్మెవరు నడుగలేదనుట మొదటిది. ఎంతవఱకు ఎవరి భూమియో, గీత యెక్కడనో తమకు తెలియదనుట రెండవది. చెఱువులను, పెద్ద బండలను ముట్టరాదనుట మూడవది. ఉద్యోగము కోరిన యువకుడును, గాలి కోరిన పెద్దమనిషియు ఒకచోట కూర్చుండి మాటాడియున్నచో, ఈ మూడవదాని చుట్టును ఒక పథకము ఏర్పడియుండెడిది. వారిని కూర్చుండబెట్టినవారు లేరు.

ప్రభుత్వపక్షపు వాదమును గూడ న్యాయముగ వినవలయును. ఈ భూమి సర్కారుదని న్యాయస్థానములు తేల్చినవి. దస్తరములలో ఇది అడవిగ నమోదు కాలేదు. విశ్వవిద్యాలయపు భూమిని ఒక యంగుళమైనను తీసికొనుట లేదు. బండలను చెఱువులను కాపాడుదుము. రాష్ట్రమునకు ధనమును, యువకులకు పనియు కావలెను. ఇది వారి వాదము. ఇందలి ప్రతి మాటను తేలికగ త్రోసివేయుటకు వీలులేదు. బీదవారికి పింఛను నిచ్చుటకును, ఆసుపత్రి కట్టుటకును సొమ్ము కావలెను. అది ఆకాశమునుండి రాలదు.

ఐనను మూడు ఉత్తరములు కలవు. సరిహద్దు సంగతి మొదటిది. 2024 జూలైలోనే విశ్వవిద్యాలయమువారి యెదుట కొలత జరిగినదని ప్రభుత్వసంస్థ చెప్పగా, అట్టి కొలత జరుగలేదని విశ్వవిద్యాలయము 2025 మార్చి 31న బహిరంగముగ ప్రకటించినది. ఇద్దఱు అన్నదమ్ములు పొలము పంచుకొనునపుడు కూడ గట్టు తేలకుండ నాగలి పెట్టరు. ఇచట గట్టు తేలకమునుపే యంత్రము పెట్టిరి.

అడవి మాట రెండవది. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, అడవి యనుమాటకు నిఘంటువులోని అర్థమునే గ్రహింపవలెననియు, ఆ భూమి యెవరి సొత్తైనను ఆ యర్థము మాఱదనియు చెప్పినది. అడవుల చట్టమును 2023లో సవరించిన పిమ్మటను, 2024 ఫిబ్రవరిలో కోర్టు అదే యర్థమును తాత్కాలికముగ కొనసాగించినది. కనుక “దస్తరములో అడవి యని లేదు” అనుట ఉత్తరము కానేరదు. దస్తరము వ్రాసినవాడు నేలను చూచెనా యనునదే ప్రశ్న. సొంత పెరటిలో చెట్టు కొట్టుటకును పౌరుడు 2002 నాటి నీరు, భూమి, వృక్షముల చట్టము క్రింద అనుమతి కోరవలసిన దేశమున, సర్కారు తన చేతిలోని వేలకొలది చెట్లను గుఱించి మఱింత జాగ్రత్త వహింపవలదా?

యాజమాన్యము మాట మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది. సర్కారు భూమికి సర్కారు యజమాని యనుట లోకోక్తి. న్యాయశాస్త్రమున నది సగము నిజము. 1996 డిసెంబరులోనే బియాస్ నది యొడ్డు భూమిని ఒక హోటలు సంస్థ కిచ్చిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు, గాలి, నీరు, అడవి, నదీతీరము వంటివానికి ప్రభుత్వము ధర్మకర్త యనియు, వానిని ప్రజల యనుభవము కొఱకు కాపాడవలసినదే గాని యిచ్చవచ్చినట్లు ధారపోయరాదనియు నిర్ణయించినది. దేవాలయపు ధర్మకర్త చేతిలో తాళపుచెవులుండును. అంతమాత్రమున దేవుని నగలు ఆయనవి కావు. అమ్మదలచినచో భక్తుల యెదుట లెక్క చెప్పవలయును.

1991లో మఱియొక తీర్పు వచ్చినది. మేము న్యాయశాస్త్రము చదువు దినములలో దానిని పాఠముగ చదివితిమి గాని దాని రుచి ఇప్పుడు తెలిసినది. బెంగుళూరులో ఒక పేట ప్రణాళికలో పార్కునకై విడిచిన జాగాను ఆసుపత్రి కట్టుకొనుటకు ఒక ట్రస్టు కిచ్చిరి. ఆసుపత్రి చెడ్డది కాదు గదా! ఐనను పేటవాసులు వ్యాజ్యము వేసిరి. మీరెవరు అడుగుటకు, మీ భూమి కాదు గదా, యని ఎదిరిపక్షము వాదించినది. సుప్రీంకోర్టు దాని నంగీకరింపక, పార్కు జాగాను ప్రైవేటు ఆసుపత్రికిచ్చుట చెల్లదనియు, అడుగుటకు పేటవాసులకు హక్కు కలదనియు తీర్పు చెప్పినది. పట్టా లేనివానికిని ప్రశ్న కలదు. ఈ యొక్క వాక్యమును మీరు ఇంటికి తీసికొనిపోయిన చాలును.

హక్కు కలదు సరే, అడిగించుకొను ఏర్పాటు కలదా? ఇచ్చట మన చట్టమునందొక వింత కనబడుచున్నది. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రకటన ప్రకారము, పల్లెలో పెద్ద గని త్రవ్వవలెనన్నను, పెద్ద కర్మాగారము పెట్టవలెనన్నను, ముప్పది దినముల ముందు దేశభాషాపత్రికలో ప్రకటించి, ఆ చోటనే బహిరంగ సభ జరిపి, జనుల మాట వ్రాసికొనవలెను. కాని సాధారణముగ భవనములకును, పట్టణపు బస్తీ నిర్మాణములకును ఆ ప్రజాభిప్రాయ సేకరణమునుండి మినహాయింపు కలదు. గని ప్రక్క రైతును అడుగుదురు. మేడల ప్రక్క పౌరుని అడుగనక్కఱలేదు! నగరవాసి చదువుకొన్నవాడు గనుక తన మాట తానే చెప్పుకొనునని తలచిరో యేమో. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణము మూడు లక్షలు, అంతకు మించిన జనముగల పట్టణములలో వార్డు సంఘము లుండవలెనని విధించినది. అవి పేరునకు మాత్రమే నిలిచిన చోట్లు పెక్కు. మీ వార్డు సంఘము కడపట ఎప్పుడు కూడినదో ఈ సభలో చెప్పగలవా రెందఱు?

అడుగుట సాధ్యమేనా యని సంశయించువారికి పరదేశపు నిదర్శన మొకటి చెప్పెదము. జర్మనీ రాజధాని బెర్లినులో టెంపెల్‌హోఫ్ అను విమానాశ్రయము 2008 అక్టోబరులో మూతపడినది. దాని మైదానము సుమారు 300 హెక్టారులు, అనగా మన లెక్కలో 740 ఎకరములు. 2010లో దానిని ప్రజలకు తెఱచిరి. విమానములు పరుగిడిన బాటపై పిల్లలు సైకిళ్లు త్రొక్కిరి. తరువాత నగరపాలకులు దాని యంచులలో వేలకొలది ఇండ్లును, ఒక గొప్ప గ్రంథాలయమును కట్టదలచిరి. ఉద్దేశము మంచిదే. పౌరులు సంతకములు సేకరించి జనవాక్యమును కోరిరి. 2014 మే 25న వోట్లు వేసిరి. వేసినవారిలో నూటికి 64 మందికి పైగా మైదానమును యథాతథముగ నుంచుమనిరి, అది చట్టమైనది. గొడ్డలి పడలేదు, లాఠీ లేవలేదు.

ఐతే ఈ కథకు రెండవ ముఖమును కలదు. ఇండ్ల కొఱత తీవ్రమైన ఆ నగరమున, మైదానము మిగిలినది గాని ఇల్లు లేనివాని సంగతి యేమని తరువాతను చర్చ సాగుచునే యున్నది. ఈ హెచ్చరిక మనకును కావలెను. ప్రక్కనున్నవాని మాటయే ప్రజల మాట యనుకొన్నచో, ముందు వచ్చి ఇల్లు కట్టుకొన్నవాడు వెనుక వచ్చువానికి తలుపు మూయును. మూసీ ఒడ్డున ఇఱుకు గదిలో నుండు కూలివానికిని గచ్చిబౌలి కంచలో పాలు కలదు. ధర్మకర్తృత్వమన్న మాట కర్థ మదియే. కనుక అడుగుట యనగా ప్రక్క కాలనీ నడుగుట మాత్రము కాదు, నగరమంతటిని అడుగుట.

నీటి మాటయు చెప్పకున్న మా యుపన్యాసము వెలితి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచిన సంగతి మన తాతలు చెప్పిరి. ఆ దుఃఖమునుండియే విశ్వేశ్వరయ్యగారి సలహాతో ఉస్మాన్‌సాగరము, హిమాయత్‌సాగరము పుట్టినవి. మరల 2020 అక్టోబరులో ఒక్క రాత్రి వానకు కాలనీలు చెఱువులైనవి. కారణము కష్టమైనది కాదు. తుప్పలు, గడ్డి, మట్టి గల నేల వాననీటిని ఆపి, పగుళ్లగుండ లోనికి దింపి, మిగిలినదానిని నెమ్మదిగ చెఱువునకు పంపును. అదే నేలను సిమెంటుతో కప్పినచో నీరంతయు ఒక్కమాఱుగ పల్లమునకు పరుగెత్తును. పైన మెరకలో లాభము. క్రింద పల్లములో వరద. మెరకనున్నవానికి ధర పెరుగును, పల్లమందున్న బీదవాని బియ్యము తడియును. ఈ లెక్కను ఏ వేలము కాగితములోను మేము చూడలేదు.

ఇక చేయవలసిన దేమి? మా మనవులు నాలుగు.

మొదట, ఇట్టి ఏ పెద్ద జాగాలోనైనను, సంబంధించిన వారందఱి యెదుట కొలత జరిపి, హద్దురాళ్లు పాతి, పటమును తెలుగులోను ఉర్దూలోను ప్రకటింపవలెను.

రెండవది, చెట్ల లెక్క, నీటి దారులు, కట్టదలచిన దేమి, విడువదలచిన దేమి, రాబడి యెంత, అది దేనికి, అను సంగతులను అఱువది దినములు ప్రతి వార్డు కచేరిలోను, ప్రతి గ్రంథాలయములోను చదువుటకు పెట్టవలెను.

మూడవది, విచారణ బహిరంగముగ జరుగవలెను. భూమి నమ్మజూచు సంస్థయే విచారణకు పెద్ద కారాదు. ప్రక్కవాసులును, ఆ చోట బ్రతుకువారును, దూరపు పేటల బీదలును మూడు చోట్ల వేఱువేఱుగ వినబడవలెను.

నాల్గవది, నిర్ణయము కారణసహితముగ వ్రాయబడవలెను. ఈ యాక్షేపణ వచ్చినది, దీనికి మా యుత్తర మిది, యని ఉండవలెను. ఆ నిర్ణయము వెలువడిన ముప్పది దినముల వఱకు గొడ్డలి లేవరాదు. పండుగనాడును, చీకటిలోను ఎన్నడును లేవరాదు.

ఇందువలన ఆలస్యమగునందురా? లెక్క మీరే కట్టుడు. అఱువదియు ముప్పదియు కలిసి తొంబది దినములు. ఒక వ్యాజ్యమే పదునెనిమిదేండ్లు సాగిన నేల కది యొక లెక్కయా?

ప్రభుత్వము వీనిని చేయునని మనము చేతులు ముడుచుకొని కూర్చుండరాదు. 2005లో సమాచార హక్కు చట్టము వచ్చినది. పది రూపాయలతో ఒక యర్జీ పెట్టి, మన వార్డులోని సర్కారు జాగాల జాబితాను, వాని హద్దులను, వానిపై నున్న పథకములను తెప్పింపవచ్చును. ఈ పఠనమందిరమున పత్రికలు పెట్టిన బల్లప్రక్కనే ఆ పటములను వ్రేలాడదీయుడు. నెలకొక ఆదివారము ఒక జాగాను గుఱించి చదివి, అచటికి నడచిపోయి, చూచి రండు. చాయ్ అమ్ము అమ్మను, ఆటో నడుపువానిని వెంట పిలుచుకొని పోవుడు. చదివినవానికి పటము తెలియును. చదువనివానికి నేల తెలియును. ఇద్దఱును కలిసిననాడు గదా నిజము తేలును!

మన పెద్దలు “కంచె చేను మేసినట్లు” అనిరి. కాపాడుటకు నిలిపినదే మ్రింగివేసినచో ఎవరితో చెప్పుకొందుమని ఆ సామెత కర్థము. ప్రభుత్వము మనము కట్టుకొన్న కంచె. దానిని పెఱికివేయు మనుట లేదు, మేయకుండ కాచుకొనుమనుచున్నాము. కంచెకు కావలి పౌరుడే. ఆ కావలి నిద్రించిననాడు యంత్రము వచ్చును. మేల్కొన్ననాడు మొదట చీటి వచ్చును, పిమ్మట మాట వచ్చును, ఆ తరువాతనే, వచ్చినచో, యంత్రము వచ్చును.

ఆ వృద్ధుని నవ్వు మా చెవులలో నింకను మ్రోగుచున్నది. ఈసారి ఏ జాగాకైనను గోడ కట్టక మునుపు, చెట్టు కొట్టక మునుపు, ఎవరైన ఆయన ముంగిటికి పోయి, “తాతా, నీవేమందువు?” అని యడిగిన దినము మన నగరము నిజముగ వృద్ధిచెందినదని మేము నమ్ముదుము. అంతవఱకు ఆ మాటను మనమే పోయి అడుగుదము.